రిపోర్టు నార్మల్ వచ్చింది, మాత్ర ఆపేయొచ్చా సార్?

(అనంతపురంలో రిటైర్డ్ ఉద్యోగుల సమావేశంలో ఒక ఫిజీషియన్ మాట్లాడినదానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త తగ్గించు నాయనా, నా గొంతు అసలే పెద్దది. చాలామంది రిపోర్టులు చేతిలో పట్టుకునే వచ్చినట్టున్నారు. మంచిదే, కానీ ఇప్పుడే విప్పకండి. ముందు నేను చెప్పేది వినండి, తర్వాత ఆ అంకెలు చాలావరకు మీకే అర్థమవుతాయి.

ఓపీలో కొలెస్ట్రాల్ గురించి నేను ఎక్కువసార్లు వినే మాట ఒకటుంది. "సార్, మూడు నెలలు మాత్ర వేసుకున్నా, మళ్లీ టెస్టు చేయించినా, నార్మల్ వచ్చింది, అందుకే ఆపేసినా." పరీక్ష పాసైన పిల్లాడిలా చెప్తారు. ఈ రోజు నేను ముఖ్యంగా ఈ ఒక్క మాట మీదే మాట్లాడదామని వచ్చాను. షుగర్ మాత్ర ఆపితే రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తారు, తెలిసిపోతుంది. థైరాయిడ్ మాత్ర ఆపితే నీరసం, ఒళ్లు బరువు. కొలెస్ట్రాల్ మాత్ర ఆపితే ఏమీ కాదు. నెల గడిచినా, ఏడాది గడిచినా, మూడేళ్లయినా ఏమీ తెలియదు. దీంతో వచ్చిన తంటా అంతా అదే. మాత్ర ఆపిన కొన్ని వారాలకే అంకె పాత చోటికి వెళ్లిపోతుంది, కానీ ఒళ్లు ఒక్క మాట కూడా చెప్పదు.

అసలు ఇది ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. కొలెస్ట్రాల్ అంటే విషం అన్నట్టు మాట్లాడతాం గానీ, అది లేకపోతే మనిషే లేడు. ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే పొరలో అది ఉంటుంది, ఆడ మగ హార్మోన్లు దాని నుంచే తయారవుతాయి, ఎండ తగిలితే చర్మంలో తయారయ్యే విటమిన్ డి, తిన్న నూనె అరగడానికి కావలసిన పైత్యరసం, ఇవన్నీ దాని నుంచే. ఇంత అవసరం కాబట్టే ఒళ్లు ఈ పనిని మన తిండికి వదిలేయలేదు, కావలసిన దాంట్లో చాలా భాగం తానే తయారు చేసుకుంటుంది, అందులో కాలేయానిది పెద్ద వాటా. "నేను పుట్టినప్పటి నుంచి గుడ్డు కూడా ముట్టలేదు, నాకెట్లా వచ్చింది సార్" అని అడిగే పెద్దలకు ఇదీ జవాబు. మీరు తినకపోయినా మీ కాలేయం ఊరుకోదు.

కొలెస్ట్రాల్ నూనె లాంటి పదార్థం కాబట్టి రక్తంలో విడిగా కరిగి తిరగలేదు. ప్రొటీన్ పొర చుట్టుకుని చిన్న చిన్న రేణువులుగా తిరుగుతుంది. మనం చెడ్డది అనే ఎల్‌డీఎల్ అలాంటి రేణువే. పని అయిపోయాక దాన్ని రక్తంలోంచి వెనక్కి లాక్కోవాల్సింది కూడా కాలేయమే. కాలేయ కణాల మీద దాని కోసం ప్రత్యేకంగా రిసెప్టర్లు, అంటే దాన్ని పట్టుకునే కొక్కేల్లాంటివి, ఉంటాయి. దీన్ని కనిపెట్టినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లకు 1985లో నోబెల్ బహుమతి ఇచ్చారు. రిసెప్టర్లు బాగా ఉంటే ఎల్‌డీఎల్ రక్తంలో ఎక్కువసేపు తిరగదు. కొందరికి పుట్టుకతోనే అవి సరిగా పనిచేయవు, కొందరికి వయసుతో తగ్గుతాయి, థైరాయిడ్ తక్కువైతే తగ్గుతాయి, నెయ్యి, వెన్న, డాల్డా లాంటి గడ్డకట్టే కొవ్వులు ఎక్కువ తింటే తగ్గుతాయి. మాత్ర చేసే పని కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గించి, వాటిని పెంచడం. మాత్ర ఆపితే అవి మళ్లీ తగ్గుతాయి. నార్మల్ రిపోర్టు వచ్చిందంటే మాత్ర తన పని చేస్తోందని.

ఇప్పుడు అసలు సంగతి. వాట్సాప్‌లో మీకందరికీ ఒక బొమ్మ వచ్చే ఉంటుంది, గొట్టం లోపల పసుపు రంగు జిడ్డు పేరుకుని దారి మూసుకుపోతున్నట్టు. ఆ బొమ్మ చూసే జనం పొరపాటు పడుతున్నారు, వేడినీళ్లు తాగితే ఆ జిడ్డు కరుగుతుందనే మాట కూడా దాని నుంచే పుట్టింది. కొవ్వు రక్తనాళం లోపలి తలం మీద పేరుకోదు. ఎల్‌డీఎల్ రేణువులు నాళం గోడలోకే దూరతాయి. అక్కడ చిక్కుకుంటాయి, వాటిని తినడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి, తిని తిని ఉబ్బి అక్కడే చచ్చిపోతాయి. చర్మం కింద చీముకురుపు ఎట్లా తయారవుతుందో గోడలో అట్లా తయారవుతుందన్నమాట, పైన పలచటి పొర, లోపల మెత్తటి కొవ్వు. ఆ పొర ఎప్పుడో ఒక రోజు చిట్లుతుంది. చిట్లితే, అక్కడ దెబ్బ తగిలిందనుకుని రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ నిమిషాల్లో నాళాన్ని మూసేస్తుంది. గుండెపోటు అంటే ఎక్కువసార్లు ఇదే.

దీనివల్ల రెండు విషయాలు తెలుస్తాయి, రెండూ మీకు పనికొచ్చేవే. ఒకటి, నలభై శాతం అడ్డంకి ఉన్న చోట కూడా పొర చిట్లవచ్చు. నిన్న ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నాలుగు రౌండ్లు నడిచిన మనిషికి, ట్రెడ్‌మిల్ టెస్టు బాగుందని చెప్పించుకున్న మనిషికి ఈ రోజు గుండెపోటు ఎందుకు వస్తుంది అంటే ఇందుకే. సగానికి తక్కువ మూసుకున్న నాళంలో రక్తం బాగానే పారుతుంది, ఆయాసం ఉండదు, ఈసీజీలో కనిపించదు. రెండోది, మాత్ర ఎల్‌డీఎల్ అంకెను తగ్గించి ఊరుకోదు. గోడలోకి కొత్తగా కొవ్వు చేరడం తగ్గితే లోపల మంట చల్లారుతుంది, పైపొర మందంగా, గట్టిగా మారుతుంది. అది ఏ లిపిడ్ రిపోర్టులోనూ రాదు. అంకె నార్మల్ అయ్యాక కూడా నెలలూ ఏళ్లూ లోపల జరుగుతూ ఉండే పని అది, మీరు ఆపేస్తున్నది దాన్ని.

స్టెంట్ వేయించుకున్న వాళ్లు చేయెత్తండి. సరే, చాలామందే ఉన్నారు. మీకు స్టెంట్ వేసింది ఒక చోట, రెండు చోట్ల. మిగతా నాళాల పొడవునా గోడలు అవే. స్టెంట్ వేశారు కదా ఇంక మాత్రలెందుకు అని ఆలోచించే వాళ్లంటేనే నాకు భయం.

ఇప్పుడు రిపోర్టు తీయండి. పైన టోటల్ కొలెస్ట్రాల్ ఉంటుంది, చాలామంది అది 200 లోపు ఉందా లేదా చూసి మూసేస్తారు. నేనొక లెక్క చెప్తా, మీలో లెక్కల మాస్టర్లున్నారు, పట్టుకోండి. టోటల్ 190, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 32, రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 240. చూడగానే టోటల్ బాగుంది. మామూలుగా ల్యాబులో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు కూడా తీసేస్తారు. 190లోంచి 32 తీస్తే 158, అందులోంచి 48 పోతే 110. ఎల్‌డీఎల్ 110, ఫరవాలేదనిపిస్తుంది. కానీ ఆ మధ్యలో వచ్చిన 158 ఉంది చూశారా, హెచ్‌డీఎల్ కాని కొలెస్ట్రాల్ మొత్తం అది, నాళాల గోడల్లోకి దూరగలిగిన సరుకంతా దాంట్లోనే ఉంటుంది. షుగరు, పొట్ట ఉన్న మన జనంలో ఎక్కువగా కనిపించే రిపోర్టు ఇదే. ఎల్‌డీఎల్ మరీ ఎక్కువుండదు, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే మాత్రం ఈ లెక్క పనికిరాదు, అప్పుడు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవమనాలి.

పక్కన బ్రాకెట్లో ల్యాబు వాళ్లు నార్మల్ అని ఒక అంకె వేస్తారు. అది అందరికీ ఒకటే అచ్చు. మీ వయసు, మీ బీపీ, మీ స్టెంట్ ఆ కంప్యూటర్‌కు తెలియదు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో మన దేశానికి విడిగా సూచనలిచ్చింది. వాటి ప్రకారం పెద్దగా ముప్పు లేనివాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలి, షుగరో బీపీయో ఉండి ముప్పు ఎక్కువున్న వాళ్లకు 70 లోపు, ఇప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు 55 లోపు. హెచ్‌డీఎల్ కాని అంకె దానికి ముప్పై ఎక్కువ దాకా ఉండొచ్చు. కాబట్టి స్టెంట్ ఉన్న మనిషికి ఎల్‌డీఎల్ 95 వచ్చి, ల్యాబువాళ్లు దాన్ని నార్మల్ అంటే, ఆయనకది నార్మల్ కాదు. ఇంటికెళ్లి పెన్నుతో మీ రిపోర్టు మీద మీ అంకె రాసి పెట్టుకోండి, డాక్టరును అడిగి రాయించుకున్నా సరే.

హెచ్‌డీఎల్ గురించి ఒక్క ముక్క. మంచి కొలెస్ట్రాల్ అని పేరు పెట్టేశాం కాబట్టి దాన్ని ఎట్లా పెంచాలి అని అందరూ అడుగుతారు. మందులతో పెంచి చూశారు, గుండెపోట్లు తగ్గలేదు. నడక, బరువు తగ్గడం, బీడీ సిగరెట్ మానడం, వీటితో అది పెరిగితే మంచిదే, ఆ పనుల లాభం వేరే ఎటూ ఉంది. ఆ అంకె వెంట పడకండి.

తిండి సంగతికి వద్దాం, మీరు ఎదురుచూస్తున్నది ఇదేనని నాకు తెలుసు. మన జిల్లా చెనిక్కాయల (వేరుశనగ) జిల్లా. నూనె డబ్బా మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఏ చెట్టు నుంచి వచ్చిన నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, అది జంతువులదే. చెనిక్కాయల నూనె మంచి నూనే, అందులో గడ్డకట్టే రకం కొవ్వు ఐదో వంతుకు కాస్త అటూ ఇటూ. పామాయిల్‌లో దాదాపు సగం, కొబ్బరి నూనెలో ఇంకా ఎక్కువ. కానీ ఏ నూనె అన్నదానికంటే ఎంత నూనె అన్నది పెద్ద ప్రశ్న. మనిషికి నెలకు అర లీటరు, కొంచెం అటూ ఇటూ. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో, ఎంతమంది తింటున్నారో మీరే భాగించుకోండి. ఇంట్లో ఆడవాళ్లను అడగండి, మీకెవరికీ తెలిసి ఉండదు. (నవ్వులు)

ఉగ్గాని మానేయమని నేను చెప్పను, చెప్తే వినరు కూడా. బొరుగులతో గొడవ లేదు, పక్కన వచ్చే మిరపకాయ బజ్జీలతోనే గొడవ. పొద్దున కాచిన నూనెలోనే సాయంత్రం దాకా వేస్తుంటారు, నూనె నల్లబడిపోతుంటుంది. బేకరీ పఫ్‌లు, క్రీమ్ బన్నులు వనస్పతితో చేసినవి. వనస్పతిలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ ఎల్‌డీఎల్‌ను పెంచి, హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది, రెండు వైపులా నష్టం. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో అది రెండు శాతం దాటకూడదని మన దేశంలో నియమం పెట్టారు, అది మంచి పనే. కానీ మళ్లీ మళ్లీ మరిగించిన బాండలి దగ్గర ఆ నియమాన్ని ఎవరు చూస్తారు?

గుడ్డు గురించి టెన్షన్ వద్దు. ఒక పచ్చసొనలో సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది, నిజమే, కానీ తిండిలో ఎక్కువ వస్తే చాలామందిలో కాలేయం తన తయారీ కొంత తగ్గించుకుంటుంది. రోజుకొక గుడ్డు చాలామందికి ఇబ్బంది లేదు. షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు సొనలు వారానికి మూడు నాలుగు చాలనుకోండి, తెల్లసొనకు లెక్క లేదు. మాంసం దగ్గర మాత్రం నేను కఠినంగానే ఉంటాను. ఆదివారం పొట్టేలు మాంసం, దాంతో బోటీ, తలకాయ కూర. మెదడులో ఉన్నంత కొలెస్ట్రాల్ మనం తినే ఇంకే పదార్థంలోనూ ఉండదు. మాంసం పైన తెల్లగా కనిపించే కొవ్వు తీసేయమని కొట్టు దగ్గరే చెప్పండి. సంగటిలోకి నాటుకోడి పులుసు పెట్టుకోండి, చర్మం తీసేసి.

శాకాహారులు ఇంతసేపూ హాయిగా కూర్చున్నారు. మీ ట్రైగ్లిజరైడ్స్ సంగతి ఏమిటి? పొద్దున చిత్రాన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, మధ్యలో నాలుగు టీలు, పండగొస్తే ఓళిగ మీద గిన్నెడు నెయ్యి. ఒంటికి ఖర్చు కాని పిండి, చక్కెర కాలేయంలో కొవ్వుగా మారి రక్తంలోకి వస్తుంది. మద్యం తాగేవాళ్లకు ఇంకా త్వరగా. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే గుండె సంగతి తర్వాత, ముందు క్లోమం వాచే ప్రమాదం ఉంది, ఆ కడుపునొప్పి పడినవాళ్లను అడగండి ఎట్లా ఉంటుందో. మన పెద్దలు తిన్న కొర్రలు, జొన్న రొట్టె, అలసందలు, ఉలవలు మళ్లీ కాస్త పళ్లెంలోకి తెచ్చుకోండి. వాటిలోని పీచు పేగులో పైత్యరసాన్ని పట్టుకుని బయటకు తీసుకుపోతుంది, కొత్త పైత్యరసం కోసం కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకోవాల్సి వస్తుంది. అయితే సంగటి కదా అని ఇంత పెద్ద ముద్దలు మూడు తింటే అదీ పిండే.

ఇంత చేస్తే ఎల్‌డీఎల్ ఎంత తగ్గుతుంది? చాలామందిలో పదో పదిహేనో శాతం, గట్టిగా పట్టుబడితే ఇంకాస్త. 130 ఉండి ముప్పు లేనివాళ్లకు అది సరిపోవచ్చు. స్టెంట్ ఉండి 140 ఉన్న మనిషి 55కు తిండితో రాలేడు. అక్కడ మాత్ర తప్పదు. తిండి మార్చుకోలేదని మిమ్మల్ని తిట్టడం కోసం మాత్ర రాయం.

ఈ కొలెస్ట్రాల్ మాత్రలు, స్టాటిన్లంటాం వీటిని, ఎట్లా వచ్చాయో తెలుసా, బూజు నుంచి. అకిరా ఎండో అనే జపాన్ శాస్త్రవేత్త 1970ల మొదట్లో వేల రకాల బూజులను పరీక్షించి, ఒకదాంట్లో కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థాన్ని పట్టుకున్నాడు. ఆ దారిలో మొదటి మాత్ర 1987లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు మీరు వేసుకునే అటోర్వాస్టాటిన్, రోజువాస్టాటిన్ ఆ వంశంవే. లక్షల మంది మీద చేసిన పరీక్షలన్నీ కలిపి లెక్కేస్తే, ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గి ఐదేళ్లు అట్లాగే ఉంటే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతు కంటే ఎక్కువే తగ్గాయి. ఐదేళ్లు అనే మాట గుర్తుపెట్టుకోండి, మూడు నెలలు కాదు.

కాళ్లు లాగుతున్నాయి సార్ అంటారు. కొందరికి నిజంగానే కండరాల నొప్పులు వస్తాయి, నేను కాదనను. కానీ లండన్‌లో ఒక మంచి పరీక్ష చేశారు, 2020లో బయటికొచ్చింది. ఇబ్బందులు వచ్చి స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకుని, ఏడాదిపాటు నెలకొకటి చొప్పున సీసాలిచ్చారు. కొన్నింటిలో స్టాటిన్, కొన్నింటిలో మందు లేని ఉత్త మాత్ర, కొన్ని ఖాళీ. ఏ మాత్రలో మందుందో వాళ్లకు తెలియదు. స్టాటిన్‌తో వచ్చిన ఇబ్బందుల్లో తొంభై శాతం ఉత్త మాత్రతో కూడా వచ్చాయి. నొప్పి అబద్ధమని కాదు దీనర్థం, నొప్పి నిజమే, మాత్ర వేసుకుంటున్నామన్న భయమే చాలావరకు దాన్ని తెస్తోంది. ఆ పరీక్ష అయ్యాక సగం మంది మళ్లీ మాత్ర మొదలుపెట్టారు. కాబట్టి నొప్పి వస్తే మీరే ఆపి ఇంట్లో కూర్చోకండి, వచ్చి చెప్పండి. డోసు తగ్గించొచ్చు, మాత్ర మార్చొచ్చు, ఎజెటిమైబ్ అని పేగులో కొలెస్ట్రాల్‌ను అడ్డుకునే ఇంకో మందు కలపొచ్చు, డబ్బు పెట్టగలిగితే ఇంజెక్షన్లూ ఉన్నాయి. కానీ ఒళ్లంతా తీవ్రంగా నొప్పులు, మూత్రం ముదురు గోధుమ రంగులో రావడం, ఇవి కనిపిస్తే అదే రోజు మాత్ర ఆపి ఆసుపత్రికి రండి. అరుదు, కానీ ప్రమాదం.

ఈ మాత్రతో షుగర్ వస్తుందట కదా? అంచులో ఉన్నవాళ్లకు కొంచెం ముందుగా బయటపడొచ్చు, నిజం. గుండెకు జరిగే మేలు దానికంటే చాలా ఎక్కువ. గర్భం దాల్చాలనుకునే ఆడపిల్లలు మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి. ఇంకొకటి, దగ్గు జ్వరానికి ఎవరైనా క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే, మీరు కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నారని తప్పకుండా చెప్పండి. చిన్న క్లినిక్కుల్లో ఇది అడగరు.

వెనకాల ఎవరో చీనీ (బత్తాయి) రసం తాగొచ్చా అని అడుగుతున్నారు. అనంతపురంలో ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. మాత్రతో పడదని ఇంటర్నెట్‌లో ఉండేది గ్రేప్‌ఫ్రూట్, అది వేరే పండు, మన చీనీ కాదు. తినండి. పంపరపనస మాత్రం ఎక్కువగా తినకండి. రసం కంటే తొనలు మేలు, చక్కెర వేయించుకుని గ్లాసులు గ్లాసులు తాగితే మీ ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి.

ముందు వరసలో అమ్మ అడుగుతున్నారు, మా ఆయనకు నలభై ఎనిమిదికే గుండెపోటు వచ్చింది, పిల్లలకు టెస్టు చేయించాలా అని. చేయించండమ్మా, వాళ్లకు ఇరవై ఏళ్లున్నా సరే. మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 65 లోపు గుండెపోటు వస్తే ఆ ఇంట్లో అందరూ చూపించుకోవాలి. సుమారు 250, 300 మందిలో ఒకరికి పుట్టుకతోనే ఎల్‌డీఎల్ బాగా ఎక్కువుంటుంది, 190 దాటి ఉంటుంది, కొందరిలో మడమ వెనక తాడులాంటి స్నాయువు దగ్గర గడ్డలు, కనురెప్పల మీద పసుపు మచ్చలు కనిపిస్తాయి. వాళ్లకు నలభైలో మొదలుపెడితే ఆలస్యమే. జీవితంలో ఒక్కసారి లైపోప్రొటీన్ ఏ అనే పరీక్ష కూడా చేయించండి, ఎల్‌డీఎల్ లాంటి ఇంకో రేణువు అది, వంశపారంపర్యం, తిండితో మారదు, మళ్లీ మళ్లీ చేయించక్కర్లేదు.

పొద్దున పరగడుపున రావాలా అని ఇంకొకరు. మామూలు పరీక్షకు అక్కర్లేదు, ట్రైగ్లిజరైడ్స్ బాగా ఎక్కువొస్తే అప్పుడు పరగడుపున ఇంకోసారి చూస్తాం. మాత్ర మొదలుపెట్టిన ఆరు వారాలకో, రెండు నెలలకో ఒకసారి, తర్వాత ఆర్నెల్లకు, ఏడాదికి. మొదటిసారి ఎక్కువ వచ్చినవాళ్లు థైరాయిడ్ కూడా చూపించుకోండి, ఎందుకంటే థైరాయిడ్ సరిచేస్తే కొందరికి కొలెస్ట్రాల్ దానంతట అదే తగ్గుతుంది. ఖర్చు గురించి భయపడకండి, జనఔషధి షాపుల్లో ఇవే మాత్రలు చాలా తక్కువకు దొరుకుతాయి, మందు అదే.

ఇక కూర్చుంటా. మాత్ర ఆపేసినవాళ్లు, ఎవరెవరో నాకు చెప్పక్కర్లేదు, పాత చీటీ తీసుకుని ఆ పక్క టేబుల్ దగ్గరికి రండి, బీపీ చూసి, మీ అంకె ఎంత ఉండాలో రాసిస్తాం. టిఫిన్ అయ్యాక రండి, ఉగ్గాని వాసన వస్తోంది, నేనూ తింటా, బజ్జీ ఒకటే.